తొమ్మిది నిమిషాల చౌడమ్మ

మా మామ పుల్లన్నను మొట్టమొదట కళాకారుడు అన్నది రేడియోవాళ్ళు. అంతకుముందు ఊళ్ళో ఆయనకు మూడు పేర్లుండేవి. మామూలు రోజుల్లో పుల్లిగాడు. పని పడితే ఉరుములోడు. చౌడమ్మ జాతర జరిగే మూడు రోజులూ పుల్లన్న. నాలుగోనాడు పొద్దున్నే మళ్ళీ పుల్లిగాడు. ఈ పద్ధతి ఎవరూ తప్పేవాళ్ళు కాదు. ఎవరైనా పొరపాటున నాలుగోనాడు కూడా పుల్లన్నా అంటే, మా మామే తప్పు చేసినవాడిలా తల గోక్కునేవాడు.

ఉరుము చూడనివాళ్ళకు చెబుతున్నాను. అది మెడకు తగిలించుకునే రెండు ముఖాల వాద్యం. ఒక ముఖాన్ని పుల్లతో కొడతారు. రెండో ముఖాన్ని కొట్టరు. చివర వంగిన పుల్ల ఒకటి ఉంటుంది, వంకపుల్ల. దాన్ని తోలు మీద అదిమిపెట్టి ఈడుస్తారు. అప్పుడు వచ్చేది దెబ్బ కాదు, గుర్రు. మబ్బు కడుపులోంచి వచ్చినట్టుంటుంది. మబ్బు మొహమే చూడని మా కళ్యాణదుర్గం పక్క పల్లెలకు ఆ మాత్రం చాలు, వాన పడినంత సంబరం. వాన మాత్రం పడదు.

మామ వంకపుల్ల ఆయన నాయనది. ఆయనకు ఆయన నాయన ఇచ్చాడు. ఏడు తరాలుగా వస్తున్నదని మామ చెప్పేవాడు. ఆ ఏడు పేర్లూ చెప్పమంటే మూడోదాని దగ్గర ఆగిపోయేవాడు.

జాతరలో తొలి దెబ్బ ఆ ఇంటి హక్కు. ఆయన కొట్టిందాకా బోనం లేవదు, పొట్టేలు తెగదు, ఊరిపెద్ద శ్రీరంగప్పకు తలపాగా చుట్టరు. అరవై ఎకరాల ఆసామి, గుడి పెత్తనందారు, ఆయన కూడా చేతులు కట్టుకుని మా మామ చెయ్యి ఎప్పుడు లేస్తుందా అని నిలబడాల్సిందే. కొట్టడం అయ్యాక దాహం అడిగితే అదే చేతిలో ఎత్తు నుంచి నీళ్ళు పోసేవాళ్ళు. మామ వంగి తాగేవాడు. సంవత్సరంలో మిగిలిన మూడువందల అరవై రెండు రోజులూ ఆయన ఏది భరించినా ఆ ఒక్క దెబ్బ కోసం భరించాడు. నా చిన్నప్పుడు కళ్ళంలో జొన్నలు నూర్చినప్పుడు ఉరుములోడి పాలు అని నాలుగు చేటలు పోసేవాళ్ళు. పందొమ్మిదివందల డెబ్బై అయిదు దాటేసరికి ఊరంతా శెనక్కాయ వేసింది. కాయలు కళ్ళానికి రాకుండా తిన్నగా మండీకి పోయాయి. "శెనక్కాయల్లో ఉరుములోనికి పాలు యాడుండాది? మన పెద్దోళ్ళు చెప్పలే కదా," అన్నాడు శ్రీరంగప్ప. పెద్దవాళ్ళు శెనక్కాయ చూడలేదు కాబట్టి చెప్పలేదు. దానికీ మామ తల ఊపాడు. తొలి దెబ్బ మిగిలింది కదా, చాలన్నాడు.

ఉరుము కొట్టడంలో మూడు భాగాలు. మొదటిది పిలుపు, అంటే చౌడమ్మను రమ్మనడం. రెండోది ఆట. మూడోది సాగనంపు, ఆమెను తిరిగి పంపడం. సాగనంపు కొట్టకుండా ఉరుము మెడలోంచి దించకూడదు. దించితే ఆమె పిలిచిన చోటే ఉండిపోతుంది. పిలిచిన చోటికి వినపడేట్టు కొడితేనే సాగనంపు చెల్లుతుంది. ఇది మామ చదివిన ఒకే ఒక్క శాస్త్రం. ఆయనను ముంచింది కూడా అదే.

కార్డు రాసింది నేను. కళ్యాణదుర్గం గ్రంథాలయంలో పత్రికలు తిరగేస్తుంటే, జానపద కళలు నశించిపోతున్నాయని పట్నాల్లో పెద్దలు కన్నీళ్ళు పెట్టుకుంటున్నట్టు తెలిసింది. నశించిపోతున్నది ఒకటి మా మాలవాడలో ఉంది, కావాలంటే చూసుకోండి అని రేడియోవాళ్ళకు రాశాను. వాళ్ళు రాలేదు. మమ్మల్నే రమ్మన్నారు. ఎనభై నాలుగు జాతర అయిన పది రోజులకు మామా నేనూ బస్సులు మారి రేడియో స్టేషనున్న పట్నం చేరాం. బోర్డులు చదవడానికి నేను.

ఒక అధికారి ఎదురు వచ్చాడు. "రండి పుల్లన్నగారూ," అన్నాడు. మామ వెనక్కి తిరిగి చూశాడు, వెనక ఎవరైనా పెద్దమనిషి వస్తున్నాడేమోనని.

"తొమ్మిది నిమిషాలు వాయించాలి," అన్నాడు అధికారి.

"తొమ్మిది నిమిసాలకు ఏమొస్తాది సామీ? పిలుపే అర్దగంట."

"కొంచెం తగ్గించండి."

"తగ్గిస్తే ఆయమ్మ రాదు."

"రాకపోయినా ఫరవాలేదండీ. మాకు శబ్దం చాలు."

గదిలోకి తీసుకుపోయారు. కిటికీలు లేవు. గోడలనిండా చిల్లుల అట్టలు. తలుపు మూస్తే బయట లోకం ఉందో లేదో తెలియదు. ఎక్కడినుంచో చల్లగాలి వచ్చింది. ఎర్ర దీపం వెలిగింది. మామ కళ్ళు మూసుకుని పిలుపు మొదలుపెట్టాడు. తొమ్మిది నిమిషాలకు దీపం ఆరింది. అద్దం వెనకనుంచి అధికారి చెయ్యెత్తాడు. మామ కళ్ళు మూసుకునే ఉన్నాడు కాబట్టి ఆపలేదు. ఒకడు వచ్చి భుజం తట్టాడు.

"అద్భుతం. ఇంక లేవండి. లలిత సంగీతం వాళ్ళు కాచుకునున్నారు."

"సాగనంపు కొట్టల్ల సామీ. పావుగంట. మిసను లేకున్నా పర్వాలే."

"బయట కొట్టుకోండి."

"బయట కొడితే ఈ అర్రలోకి ఇనపడదు సామీ."

అప్పటికే హార్మోనియంతో నలుగురు ఆడవాళ్ళు లోపలికి వచ్చారు. తలుపు మూసుకుంది. వరండాలో అధికారి మామ చెయ్యి పట్టుకుని, "మీలాంటివాళ్ళే మన సంస్కృతికి వేళ్ళు," అన్నాడు. వేళ్ళు కాబట్టి మట్టిలోనే ఉండాలని ఆయన ఉద్దేశం కావచ్చు.

బస్సులో మామ ఉరుమును ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. "ఇడ్సిపెట్టు మామా. ఆయమ్మకు మాత్రం సల్లగా ఉండల్లని ఉండదా? మన ఊర్లో ఏముండాది, ఎండ తప్ప?" అన్నాను. మొహం కిటికీవైపు తిప్పుకున్నాడు.

ఊరికి వచ్చాక మాత్రం ఆ గది గురించి కనపడినవాళ్ళకల్లా చెప్పాడు. కిటికీలు లేని గది, చిల్లుల గోడలు, చలి. భయం కొంత, గొప్ప కొంత. నలభైసార్లు చెప్పుంటాడు. రెండుసార్లు హనుమంతమ్మ అరుగు కిందే నిలబడి చెప్పాడు. హనుమంతమ్మ శ్రీరంగప్పకు మేనత్త. డెబ్బై దాటిన మనిషి. జాతరలో చౌడమ్మ పూనేది ఆమెకే. కాబట్టి ఊరు భయపడేది కూడా ఆమెకొక్కదానికే.

వైశాఖం దాటాక ఒక సాయంత్రం రేడియోలో మామ ఉరుము వస్తుందని కార్డు వచ్చింది. ఊరంతా పంచాయతీ రేడియో ముందు చేరింది. గుర్రు మొదలైంది. మూడో నిమిషానికి హనుమంతమ్మ జుట్టు విరబోసుకుని లేచింది. జనం దండాలు పెట్టారు. జరగబోయేది మామకూ నాకూ మాత్రమే తెలుసు. తొమ్మిదో నిమిషంలో గుర్రు తెగిపోయింది. ఒకామె తియ్యటి గొంతుతో, ఇప్పుడు వ్యవసాయదారుల కార్యక్రమం, వేరుశెనగలో ఎర్రగొంగళిపురుగు నివారణ అంది. ఎకరాకు ఎన్ని కిలోల పొడిమందు చల్లాలో రేడియో చెబుతోంది, చౌడమ్మ ఊగుతూనే ఉంది. మందు చల్లేటప్పుడు ముక్కుకు గుడ్డ కట్టుకోమంది. చౌడమ్మ ఊగుతూనే ఉంది.

మామ వాడకు పరుగెత్తి ఉరుము తెచ్చి సాగనంపు కొట్టాడు. ముసలామె తేరుకుంది. నీళ్ళు తాగి మామ వైపు వేలు చూపింది.

"ఒరే పుల్లిగా, నేను తిరిగొచ్చినా. ఆయమ్మ రాలే."

"యాడుండాదమ్మా?" అన్నాడు మామ.

"కిటికీలు లేని అర్ర. గోడలకు బొక్కలు. సలి. నువ్వు పిల్సి ఇడ్సిపెట్టిన తావే ఉండాది."

జనం గుండెలు బాదుకున్నారు. కళ్యాణదుర్గం దాటి ఎరుగని ముసలిది, చూడని గదిని చూసినట్టు చెప్పిందే! ఆ గదిని మామే ఆమె అరుగు కింద వర్ణించాడని అన్నాను. "పుస్తకాలు సదివినోనికి దేవుడు కనపడడులేప్పా," అన్నారు ఎవరో. అంతమందిలో నా మాట నమ్మనివాళ్ళలో మొదటివాడు మా మామ.

ఆ ఏడు వాన రాలేదు. అంతకుముందు కూడా ఒక ఏడు వస్తే రెండేళ్ళు రాలేదు. రేడియో పుట్టకముందూ రాలేదు. కానీ ఆ సంవత్సరం రాకపోవడానికి కారణం దొరికింది, మెడలో ఉరుముతో సహా. శెనక్కాయ మొలకలు ఎండిపోయాక శ్రీరంగప్ప గుడి దగ్గరికి పిలిపించాడు.

"ఏమిరా, ఊరి దేవతను పట్నంలో పారేసి వస్తివంట?"

"పారేయలేదు సామీ. పంపుదామంటే తలుపేసినారు."

"తలుపేస్తే? నీ బిడ్డను లోపల పెట్టి తలుపేస్తే ఇట్లే ఇంటికొస్తావా?"

దానికి నా దగ్గర పది జవాబులున్నాయి, కానీ నన్ను అడగలేదు.

"ఇను," అన్నాడు శ్రీరంగప్ప. "ఉగాది లోపల ఆడికి పోయి ఆయమ్మను పంపించి రా. లేదంటే తనకల్లు నారాయణప్ప మేళాన్ని పిలిపిస్తా. తొలి దెబ్బ వాళ్ళు కొడతారు. ఇంగ నీకు ఈ గుడికాడ పనిలే."

వానలు ఆగినప్పుడు కూడా మామ భోజనం మానలేదు. ఆరోజు మానాడు.

మళ్ళీ బస్సులు మారాం. ఈసారి గేటు దగ్గరే ఆపేశారు. కావలి ఉన్నది హుస్సేన్ పీరా అని నడివయసు మనిషి. లోపలికి చీటీ పంపాడు. గంట తర్వాత అధికారి స్కూటరు మీద బయటికి పోతూ ఆగాడు. మొదట గుర్తుపట్టలేదు, మళ్ళీ చూసి గుర్తుపట్టాడు.

"ఆ టేపా? టేపులు తక్కువండీ పుల్లన్నగారూ. దానిమీద వేరేది ఎక్కించేశాం."

"ఏమెక్కించినారు సామీ?"

"గుర్తులేదు. వ్యవసాయమేదో." స్కూటరు వెళ్ళిపోయింది.

మామ నావైపు తిరిగాడు. "ఎక్కించేదంటే ఏందల్లుడా?"

"పాతదాన్ని తుడిచేసి దాని మీదనే ఇంగొకటి నింపేది."

"ఆయమ్మ మీదనా?"

"ఊ. పురుగుమందు సల్లినారు మామా."

నేను నవ్వాను. ఆయన నవ్వలేదు. ఉరుము మెడకు తగిలించుకుని, గేటు వైపు తిరిగి, నడివీధిలో సాగనంపు మొదలుపెట్టాడు. దారిన పోయేవాళ్ళు ఆగారు. మామ భుజం మీది తువ్వాలు కింద పడింది. దానిమీద ఒకాయన పావలా వేశాడు. ఆయన్ని చూసి ఇంకొకరు. సినిమాకు పోతున్న పిల్లలు పది పైసలు వేసి, డిస్కో పాట వాయించమన్నారు. మామ కళ్ళు తెరవలేదు. పావుగంట కొట్టాడు. అయ్యాక చిల్లర చూసి, పాము పిల్లను చూసినట్టు వెనక్కి జరిగాడు.

"నువ్వు తీసుకో భాయ్. ఇది అడుక్కునే ఉరుము కాదు," అన్నాడు కావలివాడితో.

"నాకేంటికన్నా? పీర్ల పండక్కి మేమూ తప్పెట కొట్టేవాళ్ళమే. మధ్యలో ఆపితే ఎట్లుంటాదో నాకు ఎరికే," అన్నాడు హుస్సేన్ పీరా.

"లోపల అర్రలోకి ఇనపడిందా?"

"ఆ అర్రలోకా? నెత్తిన పిడుగు పడినా ఇనపడదన్నా. దాన్ని కట్టిందే అందుకు."

బస్సులో నేను నచ్చజెప్పాను. "లోపలే కొట్టినానని చెప్పు మామా. ఎవరొచ్చి చూసినారు?"

"ఆయమ్మ చూల్లేదా?"

అంతే. ఊళ్ళో దిగి తిన్నగా గుడి దగ్గరికి పోయి, గేటు బయటే కొట్టాననీ, లోపలికి వినపడలేదనీ, సాగనంపు చెల్లలేదనీ తన నోటితో తనే చెప్పాడు. అడగకముందే చెప్పాడు. శ్రీరంగప్ప అక్కడికక్కడే తనకల్లుకు మనిషిని పంపాడు.

శ్రీరంగప్పకు తెలియని సంగతి ఒకటుంది. ఒక ఊరి పొలిమేరలో పరాయి ఉరుము మోగాలంటే, ఆ ఊరి ఉరుములవాడు తన వంకపుల్లను వాళ్ళ చేతికివ్వాలి. ఆ పుల్లతోనే కొట్టాలి. ఇచ్చిన పుల్ల మళ్ళీ జాతర దాకా అడగకూడదు, వేరే పుల్ల చెక్కుకోకూడదు. ఎనభై అయిదు జాతరకు నారాయణప్ప తన అయిదుగురు మనుషులతో ఊరికొచ్చి గుడికి పోలేదు. మా ఇల్లు ఎక్కడని అడుగుతూ వాడలోకి వచ్చాడు. రెండు లోటాల అంబలి తాగి జరిగిందంతా విన్నాడు. విని తొడ కొట్టుకుని నవ్వాడు.

"మమ్మల్నీ పిల్సినారు కదప్పా ఆ రేడియోవాళ్ళు! మీకు తొమ్మిది ఇచ్చినారా? మాకు ఏడే."

"సాగనంపు?" అన్నాడు మామ.

"యాడ కొట్టనిస్తారు? ఊర్లో అడిగితే లోపలే కొట్టొచ్చినామని చెప్పినా. ఊరు బాగుండాది, నేను బాగుండా."

నేను మామ చెవి దగ్గరికి వంగాను. "ఈ మాట గుడికాడ ఒక్కసారి చెప్పు మామా. తొలి దెబ్బ నీదే."

"ఇంటికొచ్చి అంబలి తాగిన మనిసిని ఊరి ముందర అబద్దాలోడు అనేదా?" అని, మామ చూరులోంచి వంకపుల్ల తీసి, రెండు చేతులా నారాయణప్పకు ఇచ్చాడు. ఏడు తరాలో మూడు తరాలో, అక్కడితో సరి.

జాతరకు నేను పోయాను. మామ ఇంట్లోనే ఉన్నాడు. నారాయణప్ప తొలి దెబ్బ కొట్టాడు. పొట్టేలు తెగింది, శ్రీరంగప్పకు తలపాగా చుట్టారు. పది నిమిషాలు కాకముందే హనుమంతమ్మకు పూనింది. కిటికీలు లేని గదిలో ఏడాదిగా చిక్కుకున్న తల్లి, ఏ బస్సు ఎక్కి ఇంత తొందరగా వచ్చిందని ఒక్కరూ అడగలేదు. శ్రీరంగప్ప కళ్ళు తుడుచుకుంటున్నాడు.

మూడో రోజు మధ్యాహ్నం ఆమెకు మళ్ళీ పూనింది, ఆట ముగిసి సాగనంపు మొదలైంది. రెండున్నర బస్సు రోడ్డు మీద హారను కొట్టింది. అది పోతే కదిరికి పోయే బస్సు అందదని నారాయణప్ప మనుషులకు గుబులు. సాగనంపు మూడు మలుపుల్లో మొదటిది అయిందో లేదో, నారాయణప్ప చెయ్యి ఆపి చౌడమ్మకు దండం పెట్టాడు. ఆరుగురూ ఉరుములు భుజాన వేసుకుని పరుగెత్తారు. వంకపుల్ల కూడా బస్సెక్కింది.

హనుమంతమ్మ ఎండలో ఊగుతూనే ఉంది. పసుపునీళ్ళు చల్లారు. నిమ్మకాయలు కోశారు. ముసలామె పెదాలు ఎండిపోయి కళ్ళు తేలేసింది. "అత్తా, అత్తా" అని శ్రీరంగప్ప అరుస్తున్నాడు. ఏం చేయాలో అక్కడున్న ప్రతివాడికీ తెలుసు. ఆ పేరు మాత్రం ఎవరి నోటా రాలేదు.

అప్పుడు వాడ వైపునుంచి గుర్రు వినపడింది. సన్నగా, తెగుతూ, మళ్ళీ అందుకుంటూ. నేను పరుగెత్తాను. మామ మా వాకిట్లో నిలబడి, గుడి వైపు మొహం పెట్టి, కళ్ళు మూసుకుని ఉన్నాడు. ఇంటి నుంచి వింటూనే ఎక్కడ తెగిందో పట్టుకున్నాడు. పుల్ల లేదు. ఆముదంలో ముంచిన బొటనవేలిని తోలు మీద అదిమి ఈడుస్తున్నాడు. మిగిలిన రెండు మలుపులూ కొట్టాడు. పది నిమిషాలకు వేలి చర్మం లేచి ఉరుము తోలుకు అంటుకుంది. అక్కడ ముసలామె కూలబడి మంచినీళ్ళు అడిగిందట.

గుడి దగ్గరికి తిరిగి వచ్చేసరికి శ్రీరంగప్ప మాట్లాడుతున్నాడు. "తనకల్లోళ్ళ చేతిలో ఏదో ఉండాదప్పా. వాళ్ళు బస్సెక్కినాంక గూడా మోగె! వచ్చే ఏడు గూడా వాళ్ళనే పిలుద్దాం." అందరూ అవునన్నారు. గుర్రు ఏ దిక్కునుంచి వచ్చిందో వినడానికి వాళ్ళందరికీ రెండేసి చెవులున్నాయి.

ఈ మాట మోసుకొచ్చి మామకు చెప్పాను. ఇప్పుడైనా కోపం వస్తుందేమోనని. ఆయన వేలికి గుడ్డపీలిక చుట్టుకుంటూ విన్నాడు.

"కార్డు ఉండాదా నీకాడ?"

పరుగున తెచ్చాను. పుల్ల వెనక్కి పంపమని రాయిస్తాడనుకున్నాను.

"రాయి. తనకల్లు నారాయణప్పకు పుల్లన్న దండాలు. సాగనంపుకు మూడు మలుపులు. మీరు ఒక్కటే కొట్టి పోయినారు. రెండోది ఇట్లుంటాది." మంచం పట్టె మీద మంచి చేత్తో కొట్టి చూపించాడు. "మూడోది ఇట్ల. తెలిసేట్టు రాయి అల్లుడా. వచ్చే ఏడు వాళ్ళే కదా కొట్టేది."

గుర్రును అక్షరాల్లో ఎట్లా రాస్తారో నేను చదివిన ఏ పుస్తకంలోనూ లేదు. చేతనైనంత రాశాను. చదివి వినిపించమన్నాడు, వినిపించాను. రెండుచోట్ల తప్పు పట్టి దిద్దించాడు. కార్డు కింద కొంచెం జాగా మిగిలింది. అయిదు గంటలకు కూడా ఒక బస్సుందని నేనే చేర్చాను.